యేసుకు మేకులు కొట్టింది అరచేతుల్లోనా, మణికట్టులోనా?

బొమ్మల్లో అరచేతుల్లో ఉంటాయి, వీడియోల్లో మణికట్టు అంటున్నారు, ఏది నిజం అని అడిగారు. సువార్తల్లో ఆ వివరమే లేదండి. "సిలువవేసిరి" అని ఒక్క మాటతో దాటేశారు. మేకుల ప్రస్తావన యోహాను 20లో యేసు తిరిగి లేచాడంటే శిష్యుడు తోమా అనుమానపడ్డప్పుడే వస్తుంది: చేతుల్లో మేకుల గుర్తు చూస్తే గానీ నమ్మనంటాడు.

అక్కడ గ్రీకులో ఉన్న మాట 'ఖేయిర్'. అది మన 'చెయ్యి' లాంటిదే. ముంజేయి విరిగినా మనం చెయ్యి విరిగిందనే కదా అంటాం! కాబట్టి ఆ మాటను పట్టుకుని తేల్చలేం. అరచేతిలో కొడితే బరువుకి చీలిపోతుందని 1930ల్లో పియర్ బార్బే అనే ఫ్రెంచ్ సర్జన్ వాదించాడు. మణికట్టు మాట అలా పాకింది. తర్వాతి డాక్టర్లు అందరూ ఒప్పుకోలేదు.

నా అనుభవం చెప్తాను. ఒకసారి మా చర్చిలో గుడ్ ఫ్రైడే నాటకంలో నాకు యేసు వేషం ఇచ్చారు. మోచేతుల దగ్గర గుడ్డతో కట్టి, పాదాల కింద చిన్న చెక్క పెట్టారు. పది నిమిషాలకే భుజాలు లాగేశాయి, వేళ్లు తిమ్మిరెక్కాయి. మోకాళ్లు కాస్త వంగితే చాలు, ఊపిరి పైపైనే ఆడేది. మళ్లీ కాళ్ల మీద బలం పెట్టి లేవాల్సిందే. కాళ్లు విరిగితే అలా లేవలేం. పక్కన దొంగల కాళ్లు ఎందుకు విరగ్గొట్టారో (యోహాను 19) నాకు అప్పుడు తెలిసొచ్చింది. అయితే ప్రాణం పోయేది ఊపిరాడకా, దెబ్బలూ రక్తస్రావం వల్లా అన్నదాని మీద డాక్టర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

అసలు చూడాల్సింది మడమ. 1968లో యెరూషలేము ఉత్తరాన ఒక సమాధిలో రోమన్ల కాలంలో సిలువవేయబడిన యెహోహనాన్ అనే మనిషి ఎముకల పెట్టె దొరికింది. కుడి మడమ ఎముకలో పక్కనుంచి దూసుకెళ్లిన ఇనుప మేకు, పదకొండున్నర సెంటీమీటర్లు. మొన వంకర తిరిగింది, బహుశా అందుకే ఊడి రాలేదు. 1985లో మళ్లీ పరీక్షించినవాళ్లకు చేతి ఎముకల్లో మేకు గుర్తులేవీ కనబడలేదు. అతని చేతులు తాళ్లతో కట్టి ఉంటారని వాళ్లు అనుకున్నారు. అంటే మనిషికో తీరు. రోమన్లతో యూదుల యుద్ధంలో రోమన్ సైనికులు ఖైదీలకు రకరకాల భంగిమల్లో మేకులు కొట్టారని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ కూడా రాశాడు.

యెహోహనాన్ మడమలో మేకు పక్కనుంచి దిగింది కదా అని, మరుసటి ఏడు నాటకంలో కాళ్లు సిలువ మానుకి చెరోవైపు పెడదామన్నాను. "బొమ్మల్లో అలా లేదు కదా" అని మా సంఘ పెద్దలు ఒప్పుకోలేదు.