నలభైలో ఎం.ఎఫ్.ఏ.కి అప్లై చేస్తున్న అమ్మాయికి

చి. ల. సౌ. అమ్మాయికి,

మాస్టారు ఆశీస్సులతో రాసేది. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ చూశాను, రెండుసార్లు చూశాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

"సంక్రాంతికి నలభై నిండుతాయి మాస్టారూ, ఇప్పుడు ఎం.ఎఫ్.ఏ.లో చేరి బొమ్మల్లో పీజీ చేస్తానంటే నవ్వరా?" అని అడిగావు. నవ్వేవాళ్ళు నవ్వుతారమ్మా. మీ ఊరు చీమకుర్తిలో నవ్వుతారు, ఒంగోల్లో మీ అత్తగారి తరఫు వాళ్ళు నవ్వుతారు. ఇంటర్వ్యూ గదిలో మాత్రం ఎవరూ నవ్వరు. అక్కడ నీ చేతిలో ఏముందో చూస్తారు.

ముందు రూల్స్ సంగతి తేల్చేద్దాం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్లకి రాసే సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షకి వయోపరిమితి లేదు. ఏ యూనివర్సిటీ అయినా సొంతంగా నియమం పెట్టుకుంటే అది వర్తిస్తుంది కాబట్టి, ప్రతి చోటా ప్రాస్పెక్టస్ నువ్వే కూర్చుని చదువుకో. హాస్టల్ నియమాలు విడిగా ఉంటాయి, అవీ చూడు. చాలాచోట్ల ఎం.ఎఫ్.ఏ.కి బొమ్మల్లో డిగ్రీ, అంటే బి.ఎఫ్.ఏ., తప్పనిసరి. నీకు ఆ డిగ్రీ ఉంది. పెళ్ళికి ముందుదైనా, ఇన్నాళ్ళు బీరువాలో ఉన్నా అది చెల్లుతుంది. మార్కుల లిస్టులు ఇప్పుడే బయటకు తీయి. పరీక్ష మామూలుగా మార్చి ప్రాంతంలో ఉంటుంది, అప్లికేషన్లు అంతకు ముందే చలికాలంలో పడతాయి.

వయసు నిజంగా అడ్డొచ్చేది డబ్బు దగ్గర. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకే. యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో విజువల్ ఆర్ట్స్ ఉంది కానీ, దాని ద్వారా పరిశోధనకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్‌కి 30 ఏళ్ళు దాటకూడదు, ఆడవాళ్ళకి ఇంకో 5 ఏళ్ళ సడలింపు. అంటే ఆ తలుపు నీకు మూసుకుపోయింది. అదే నెట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి మాత్రం వయసు అడగరు. అదే సాంస్కృతిక శాఖ సీనియర్ ఫెలోషిప్ అయితే 40 దాటినవాళ్ళకే, నెలకి 20,000 చొప్పున రెండేళ్ళు. అది కోర్సు ఫీజుకిచ్చేది కాదు, సొంతంగా ప్రాజెక్టు చేసుకునేవాళ్ళకిచ్చేది. చదువయ్యాక పనికొస్తుంది, గుర్తుపెట్టుకో. ఈ రెండేళ్ళ చదువు ఖర్చు మాత్రం మీ ఆయనతో కూర్చుని లెక్కేసుకోవాల్సిందే. నేను ఎం.ఎఫ్.ఏ.లో చేరినప్పుడు ఆ లెక్క వేసుకోలేదు. రెండో ఏడాది రంగుల కోసం ఇంట్లో వాళ్ళ గాజులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అప్పుడు నాకు 43. స్కూలుకి జీతం లేని సెలవు పెట్టి ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఏ యూనివర్సిటీ అన్నది అనవసరం. ఫ్రేములు కట్టించిన ల్యాండ్‌స్కేపులు ఆరు మోసుకెళ్ళాను. బోర్డులో ఒకాయన నాకన్నా పదేళ్ళు చిన్న. "ఈ వయసులో ఎందుకు?" అనడిగాడు. "చిన్నప్పటి కోరిక సార్" అన్నాను. ఆయన తలూపి ఫ్రేములు పక్కన పెట్టేశాడు. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు సంచిలో ఉన్న స్కెచ్‌బుక్ అడిగి తీసుకున్నాడు. పరీక్షల డ్యూటీలోనూ నెల్లూరు బస్టాండులోనూ కూర్చుని బాల్‌పెన్నుతో గీసుకున్నవి. మూటకి తలానించి నిద్రపోతున్న ముసలమ్మ బొమ్మ దగ్గర ఆగాడు. ఆమె కాలి మట్టె చుట్టూ బిగుసుకున్న చర్మం గీశాను అందులో. "ఇది ఎన్నేళ్ళుగా గీస్తున్నారు?" అన్నాడు. పద్నాలుగేళ్ళన్నాను. సీటు ఆ పుస్తకానికి వచ్చింది, ఫ్రేములకి కాదు.

అందుకే నీ ఫొటోల గురించి ఇంతగా చెప్పాలనిపిస్తోంది. ఆర్డర్ల మీద వేసిన రాధాకృష్ణులు పదకొండు పంపావు. చేతి పని శుభ్రంగా ఉంది. అవి పోర్ట్‌ఫోలియోలో పెట్టొద్దు. వాటి మధ్యలో ఒక చార్‌కోల్ బొమ్మ ఉంది చూడు, మీ మామగారి బూట్లు. గ్రానైట్ కోసేటప్పుడు చిమ్మే బురద ఎండి, లేసుల రంధ్రాలు పూడిపోయిన బూట్లు. ఎడమ బూటు మడమ ఒక పక్కకి అరిగింది. నువ్వు ఆ అరుగుదలను రబ్బరుతో తుడిచి తెలుపు తేల్చావు, నల్లరంగు జోలికి పోలేదు. ఇరవై ఏళ్ళు ఆ గుమ్మంలో ఆ బూట్లు చూసిన మనిషి తప్ప ఇంకొకరు అలా గీయలేరు. నీ వయసు నీకిచ్చింది అదమ్మా. దాన్ని దాచిపెట్టి కుర్రపిల్లల్లా వేయబోయావంటే నీ దగ్గరున్నది పోతుంది, వాళ్ళది రాదు.

ఆ దారిలో ఇంకో పదిహేను బొమ్మలు చెయ్యి. పాలిష్ పట్టిన పలకలో బంగారు చుక్కలు మెరిసే మీ ఊరి గెలాక్సీ గ్రానైట్ రాయిని దేశదేశాల వాళ్ళు చూశారు. దాన్ని కోసినవాళ్ళ బూట్లు ఎవరు చూశారు? చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారు బరోడాలో చదివొచ్చి కూడా తన సొంతూరు నిజాంపూర్ మనుషుల్నే ఎచింగుల్లోకి, అంటే లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మల్లోకి, తెచ్చారు. నువ్వు చీమకుర్తినే తీసుకెళ్ళు.

"ఎందుకు ఇప్పుడు?" అని తప్పకుండా అడుగుతారు. పిల్లలు, సంసారం, ఆలస్యం అంటూ సంజాయిషీ మొదలుపెట్టకు. ఇప్పుడు ఏం చేస్తున్నావో, అది ఒంటరిగా ఎందుకు ముందుకు సాగడం లేదో, స్టూడియో, ప్రింట్ ప్రెస్సు, గురువులు ఉంటే ఏం చేయగలవో చెప్పు. విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ 1861లో పుట్టారు. ఆయన బొమ్మల మొదటి ప్రదర్శన 1930లో పారిస్‌లో జరిగింది. చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ గారికి యాభై దాటాక చూపు పోతే, కాగితాలు కత్తిరించి అతికిస్తూ పని కొనసాగించారు. ఇవి నీ ధైర్యం కోసం చెబుతున్నాను, ఇంటర్వ్యూలో అప్పజెప్పడానికి కాదు.

సీటొచ్చాక ఒక కష్టం ఉంది, ముందే చెబుతాను. ఇరవై రెండేళ్ళ పిల్లలు నీ బొమ్మ ముందు నిలబడి "ఇది పాతగా ఉంది ఆంటీ" అంటారు. నువ్వు టీచరువి, దిద్దడం అలవాటైన దానివి. ఆ మాట గుచ్చుకుంటుంది. మొదటి సెమిస్టరంతా నేను ఎదురు వాదించాను, అందువల్ల ఆర్నెల్లు ఏమీ నేర్చుకోలేదు. వాళ్ళన్నది ఆ పూటకి నోట్‌బుక్‌లో రాసుకో, రెండు రోజులాగి చదువు. మళ్ళీ వాళ్ళకి కంప్యూటర్ పని బాగా వచ్చు, అడిగి నేర్చుకో.

వచ్చే ఆదివారం నెల్లూరు రా. నా పోర్ట్‌ఫోలియో సంచి జిప్పు మార్పించి ఉంచాను, తీసుకెళ్ళు. వచ్చేటప్పుడు ఆ బూట్ల బొమ్మ ఒరిజినల్ తీసుకురా, మడమ దగ్గర నువ్వు తుడిచిన చోటు కళ్ళారా చూడాలి.

ఇట్లు,
మీ మాస్టారు