విడ్త్ సంగతి చివర్లో చూసుకో

చి. సౌమ్యకి,

బాబాయి ఆశీస్సులు. నీ ఎంటెక్ ప్రాజెక్టు ఓటీఏ (ఇన్‌పుట్ వోల్టేజ్ తేడాని కరెంటుగా మార్చే యాంప్లిఫైయర్) చూశాను. ట్రాన్సిస్టర్ విడ్త్‌లు 37.5, 41, 22.3 మైక్రాన్లట! గెయిన్ వచ్చేదాకా సిమ్యులేటర్‌లో పెంచుతూ, తగ్గిస్తూ కూర్చున్నావని తెలుస్తూనే ఉంది. స్పెక్ (సర్క్యూట్ అందుకోవాల్సిన అంకెలు) కాస్త మారితే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ముందు విడ్త్ జోలికి పోకు. మొదట జీఎం/ఐడీ తేల్చుకో. పెట్టిన డ్రెయిన్ కరెంటుకి (ఐడీ) ఎంత ట్రాన్స్‌కండక్టెన్స్ (జీఎం, అంటే గేట్ వోల్టేజ్ కాస్త మారితే కరెంటు ఎంత మారుతుందో) గిట్టుబాటు అవుతోందన్న లెక్క అది. ఈ పద్ధతిని సిల్వేరా, ఫ్లాండ్ర్, జెస్పర్స్ 1996లో ఒక పేపర్లో రాశారు. వీక్ ఇన్వర్షన్‌లో (ట్రాన్సిస్టర్ కొద్దిగానే తెరుచుకున్నప్పుడు) వోల్టుకు 25 పైచిలుకు వస్తుంది, స్ట్రాంగ్‌లో (బాగా తెరుచుకున్నప్పుడు) 10 కిందకి దిగుతుంది. ఎక్కువ పెట్టుకుంటే కరెంటు ఆదా, కానీ ట్రాన్సిస్టర్ లావై స్పీడు పోతుంది. మనం ఎక్కువగా తిరిగేది ఈ రెంటి మధ్యే. అక్కడ క్లాసులో చెప్పిన స్క్వేర్ లా (గేట్ వోల్టేజ్ థ్రెషోల్డ్ దాటినంత మేర వర్గానికి తగ్గట్టు కరెంటు పెరుగుతుందనే సూత్రం) పనిచేయదు.

నీ సర్క్యూట్‌నే తీసుకుందాం. లోడ్ 2 పికోఫారడ్లు, యూనిటీ గెయిన్ (గెయిన్ 1కి పడిపోయే ఫ్రీక్వెన్సీ) 10 మెగాహెర్ట్జ్. రెంటి లబ్ధాన్ని 2π తో గుణిస్తే జీఎం దాదాపు 126 మైక్రోసీమెన్స్. ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ల జతకి జీఎం/ఐడీ 15 పెట్టుకుంటే ఒక్కోదానికి 8.4 మైక్రోఆంపులు, రెంటికీ కలిపి కరెంటిచ్చే టెయిల్‌కి 16.8. లెంగ్త్ అర మైక్రాన్, 15 దగ్గర మైక్రాన్ విడ్త్‌కి 2 మైక్రోఆంపులని నీ టేబుల్ (అదెలా వేయాలో కింద చెబుతా) చెప్పిందనుకో, విడ్త్ 4.2 మైక్రాన్లు. అంతే.

అయితే టెయిల్ కరెంటుని లోడ్‌తో భాగించి చూడు. స్లూ రేట్ (అవుట్‌పుట్ మారగల గరిష్ఠ వేగం) మైక్రోసెకనుకు 8.4 వోల్టులే. మీ సార్ 20 అడిగితే టెయిల్‌కి 40 మైక్రోఆంపులు కావాలి, జీఎం మారకపోతే నీ 15 కాస్తా 6.3కి పడిపోతుంది. అంటే ఆ అంకె నీ చేతిలో లేదు, స్పెక్కే తేల్చేసింది. కాదూ, 15 దగ్గరే ఉంటానంటావా, అడగని బ్యాండ్‌విడ్త్‌ని మోయాల్సిందే.

మిర్రర్ లోడ్లకి (ఒక వైపు కరెంటుని రెండో వైపు నకలు చేసే ట్రాన్సిస్టర్లకి) మాత్రం జీఎం/ఐడీ 8, 10 లాంటి తక్కువ విలువ పెట్టు. నాయిస్, ఆఫ్‌సెట్ తగ్గుతాయి, స్వింగ్ (అవుట్‌పుట్ తిరగగల వోల్టేజ్ మేర) కొంచెం పోతుంది. గెయిన్ చాలకపోతే లెంగ్త్ పెంచు.

టేబుల్ వేయడం ఒక పూట పని. స్కైవాటర్ 130 నానోమీటర్ పీడీకే (ఆ చిప్ తయారీ పద్ధతికి ట్రాన్సిస్టర్ మోడళ్ళ కట్ట) ఉచితమే, ఎన్‌జీస్పైస్ సిమ్యులేటర్ కూడా. ఒక ఎన్‌మాస్, ఒక పీమాస్ తీసుకుని, విడ్త్ 10 మైక్రాన్లు పెట్టి, నాలుగైదు లెంగ్త్‌లకి గేట్ వోల్టేజ్ స్వీప్ చెయ్యి. ఒక్కో జీఎం/ఐడీ దగ్గర మైక్రాన్‌కి కరెంటు, జీఎం/జీడీఎస్ (ట్రాన్సిస్టర్ సొంత గెయిన్), ఎఫ్‌టీ (దాని వేగం హద్దు) రాసుకో.

సిమ్యులేషన్‌లో జీఎం 126కి బాగా దూరంగా వస్తే కంగారుపడి విడ్త్ మార్చేయకు. ముందు ఆపరేటింగ్ పాయింట్ (ఒక్కో ట్రాన్సిస్టర్ డీసీ వోల్టేజీలు, కరెంట్లు) ప్రింట్ చెయ్యి. చాలాసార్లు టెయిల్ ట్రాన్సిస్టరే ట్రయోడ్‌లోకి (దాని మీద వోల్టేజ్ చాలక కరెంటు నిలకడగా ఇవ్వలేని స్థితిలోకి) జారిపోయి ఉంటుంది. టేబుల్ అయ్యాక ఫోన్ చెయ్యి, పీమాస్ సంగతి అప్పుడు చూద్దాం.

మీ బాబాయి