సుడి అంచున దుబ్బు వంచి చూడండి

ప్రశ్న: భీమవరం దగ్గర స్వర్ణ రకం వరి వేశాం. చేను పొట్ట దశలో ఉంది. మధ్యలో రెండుచోట్ల గుండ్రంగా, సుడిలా ఎండిపోతే సుడిదోమ అనుకుని సైపర్‌మెత్రిన్ పురుగుమందు కొట్టాం. తగ్గలేదు. గోధుమరంగు పురుగులు, తెల్లచారవి, పచ్చవి కూడా కనిపిస్తున్నాయి. వీటిలో దోమ ఏది?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: గట్టు మీద నిలబడి చూస్తే తేలదండీ. చేలోకి దిగి, ఎండిన సుడి అంచున పచ్చగా ఉన్న దుబ్బును వంచి, మొదట్లో అరచేత్తో తట్టండి. నీళ్ల మీద గోధుమరంగు పురుగులు రాలి, తాకబోతే పక్కకి జరిగితే అది సుడిదోమ. వాటిలో పొట్టి రెక్కల ఆడవి ఉంటే తాత్సారం వద్దు. అవి ఎగిరిపోవు, ఉన్నచోటే ఆకు తొడుగులో గుడ్లు దూర్చేస్తాయి.

రెక్కలు కలిసే చోట, వీపు మీద తెల్లచార ఉంటే తెల్లమచ్చ దోమ. దానికీ కింద చెప్పే వైద్యమే.

పచ్చవాటి దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఆకుల మీద ఉండి, రాత్రి దీపానికి చేరేది పచ్చదీపపు పురుగు. టుంగ్రో అనే వైరస్ తెగులును మోసేది అదే. దుబ్బు మొదట్లో చురుగ్గా పరుగెత్తే, నల్ల తల, పొడుగు మీసాల పచ్చ నల్లి మాత్రం మిరిడ్ నల్లి. దోమ గుడ్లను పీల్చి తినే మన మనిషి! మీరు కొట్టిన సైపర్‌మెత్రిన్ వీటినీ సాలీళ్లనీ చంపి దోమకి దారి వదిలింది. ఇలాంటి పైరెత్రాయిడ్ జాతి మందులు కొట్టాక దోమ ఎగదన్నడం కొత్తేమీ కాదు.

దుబ్బుకు 20–25 దోమలుంటే మందు తప్పదు. ముందు నీరు తీసేయండి. యూరియా ఆపండి. పైమెట్రోజిన్ 50 శాతం గుళికల మందు లీటరు నీటికి 0.6 గ్రాములు కలిపి, చేను పాయలు తీసి, మొదళ్లు తడిసేలా కొట్టండి. ఆకుల మీద కొడితే డబ్బు దండగ. మర్నాడే చావలేదని ఇంకో డబ్బా కొనకండి. ఈ మందు పురుగు నోరు కట్టేస్తుంది, అది ఆకలితో చస్తుంది.

వచ్చే సార్వాకి (ఖరీఫ్‌కి) నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట, తూర్పు పడమరలుగా వదలండి. స్వర్ణ మారుటేరు వరి పరిశోధన కేంద్రం వంగడమే అయినా దోమకి ఇట్టే లొంగుతుంది. అక్కడివే ఇంద్ర (ఎంటీయూ 1061), అమర (ఎంటీయూ 1064) దోమని తట్టుకుంటాయి.