డాంజిగ్ కథ పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. చాలా చదివి రాశావని తెలుస్తోంది. కానీ మొదటి పేజీ నుంచే బూట్ల చప్పుడు, స్వస్తిక్ జెండాలు, అరుపులు. నాజీలు దుర్మార్గులని పాఠకుడికి నువ్వు కొత్తగా చెప్పాలా? అంతకంటే మంచి సరుకు నీ చేతిలో ఉంటే రెండు వాక్యాల్లో దాటేశావు.

షాన్ లెస్టర్ సంగతే తీసుకో. ఐర్లండ్ మనిషి, ఒకప్పటి జర్నలిస్టు, 1934లో నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) హైకమిషనర్‌గా డాంజిగ్‌లో దిగాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అటు జర్మనీకీ ఇటు పోలండ్‌కీ చెందకుండా సమితి రక్షణలో ఉంచిన స్వతంత్ర నగరం అది. నువ్వేమో ఆయన చేత బల్ల గుద్ది మాట్లాడించావు. ఆయనకు అంత సీన్ లేదయ్యా! పోలీసులు సెనేట్ చేతిలో, అంటే నగర ప్రభుత్వం చేతిలో; ఆ సెనేట్ నాజీల చేతిలో. ఆ నగర రాజ్యాంగానికి సమితి పూచీ ఉంది కాబట్టి, మా పత్రికను మూయించారని ప్రతిపక్షం వాళ్లు అర్జీ పట్టుకొస్తే దాన్ని జెనీవాలో సమితి కౌన్సిల్ ముందుకు పంపగలడు, అంతే. అయినా ఆ కాగితమే నాజీలకు ముల్లులా గుచ్చుకునేది. ఎందుకంటే 1935 ఏప్రిల్‌లో నగర శాసనసభ ఎన్నికల్లో ఎంత బెదిరించినా 72 సీట్లలో 43 దగ్గరే ఆగిపోయారు, రాజ్యాంగం మార్చాలంటే 48 కావాలి. ఆ తక్కువపడ్డ ఐదు సీట్ల మాట నీ కథలో ఎక్కడా లేదు.

ఇక లైప్‌జిగ్ ఘట్టం. 1936 జూన్‌లో ఆ జర్మన్ యుద్ధనౌక డాంజిగ్‌కు వచ్చింది. వచ్చిన కెప్టెన్ ముందుగా హైకమిషనర్‌ను మర్యాదకు కలవడం ఆనవాయితీ. ఈయన కలవలేదు, పైనుంచి ఆదేశాలు. అంతకుముందు ఏడాది మరో యుద్ధనౌక వచ్చినప్పుడు లెస్టర్ తన విందుకు ప్రతిపక్షం వాళ్లను కూడా పిలిచాడని వీళ్ల కడుపుమంట. దీన్ని నువ్వు 'దౌత్యపరమైన అవమానం జరిగింది' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పిలుపు సరిగ్గా లేదని పెళ్లికే రాని బంధువుల మధ్య పెరిగినవాడివి, అదెంత లోతుగా దిగుతుందో నీకు నేను చెప్పాలా? లెస్టర్ ఇంట్లోకి వెళ్లు. సర్దిన గది ఎలా ఉంది, పనివాళ్లు ఆయన ముఖంలోకి చూశారా, భార్యతో ఏమన్నాడు? అదంతా నీ కల్పనే కావచ్చు, కథ రాసేవాడికి ఆ మాత్రం హక్కుంది.

గ్రైజర్ సీను బాగానే రాశావు. జులై 4న ఆ సెనేట్ అధ్యక్షుడు జెనీవాలో లెస్టర్‌ను దులిపేసి, పోతూ పోతూ విలేకరుల వైపు తిరిగి ముక్కుకు బొటనవేలు ఆనించి వెక్కిరించడం నిజంగా జరిగిందే. కానీ ఉత్త కామెడీ చేసేశావు. యూదుల గోడు ప్రపంచానికి వినపడాలని స్టెఫాన్ లుక్స్ అనే జర్నలిస్టు అదే జెనీవాలో, సమితి సభ జరుగుతుండగానే తుపాకీతో కాల్చుకున్నది ఆ ముందు రోజే. ఆ రెండు రోజులూ పక్కపక్కన పెట్టు, వ్యాఖ్యానం జోడించకు.

పోలండ్‌ను మర్చేపోయావు. నౌక గొడవను జర్మనీతో మాట్లాడి తేల్చమని కౌన్సిల్ అప్పగించింది వాళ్లకే. ఆ పోలండేమో 1934లోనే జర్మనీతో పదేళ్ల ఒప్పందం రాసుకుని కూర్చుంది. ఎవరు ఎవరికి గట్టిగా చెప్తారు?

ముగింపు మాత్రం మార్చాల్సిందే. లెస్టర్‌ను ఎవరూ మెడపట్టి గెంటలేదు. జెనీవాలో డిప్యూటీ సెక్రటరీ జనరల్ పదవి ఇచ్చి, ప్రమోషన్ పేరుతో ఊరు దాటించారు. ఆయన చోటికి 1937లో స్విట్జర్లాండ్ నుంచి బుర్క్‌హార్ట్ వచ్చాడు. పెట్టె సర్దుకుంటున్న లెస్టర్ చేత యుద్ధం రాబోతోందని జోస్యం చెప్పించావే, అది తీసెయ్. 1939 సెప్టెంబరు 1న యుద్ధం మొదలైన సంగతి నీకు తెలుసు, అప్పటికి ఆయనకు తెలియదు. ఆ పూట ఆయనకు అభినందనలు చెప్పడానికి ఎవరెవరు వచ్చి ఉంటారో ఆలోచించి, ఆ భాగం మళ్లీ రాసి పంపు.

ఉంటాను,
అన్నయ్య