మేస్త్రి మెప్పు, తక్కువ కూలి

ప్రశ్న: మేడం, మాది టంగుటూరు దగ్గర పల్లె. బ్యారన్ (పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర పొగాకు ఆకులను కర్రలకు అల్లుతాను. సంక్రాంతి సెలవుల్లో తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి సాయానికొస్తే, 'ఈ పని ఆడపిల్లల చేతికే వస్తుంది' అని మేస్త్రి మెచ్చుకున్నాడు. బ్యారన్‌లోకి కర్రలెక్కించే మగవాళ్లకు మాత్రం కూలి ఎక్కువ. నిజంగా ఇది పుట్టుకతో వచ్చేదా?
- ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: పుట్టుకతో ఏం వస్తుందమ్మా! పూలు మాల కట్టమని, చెల్లికి జడ వేయమని, బియ్యంలో రాళ్లు ఏరమని చిన్నప్పటి నుంచీ కూర్చోబెడతాం. అదే వయసు మగపిల్లాడు సైకిలేసుకుని ఊరంతా తిరుగుతాడు. ఇంట్లో ఊరికే నేర్పిన పని కదా, బయట దానికి ఎవరూ విలువ కట్టరు. ఆకు గాలాడేలా అల్లకపోతే క్యూరింగ్‌లో, అంటే బ్యారన్‌లో ఆరబెట్టేటప్పుడు, రంగు చెడుతుంది, వేలంలో రైతుకు రేటు పడిపోతుంది. మేస్త్రి మెప్పులో ఈ లెక్క ఉందా?

ఒకే రకం పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. అయితే ఆడపని, మగపని అని ముందే విడగొడితే చట్టానికి దొరకరు (తెలివైనవాళ్లే!). కూలి మాట్లాడేటప్పుడు జట్టంతా కలిసి అడగండి.

అమ్మాయిని మాత్రం పంపకండి. పచ్చాకు తడి తగిలితే నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. వాంతులు, తల తిరగడం అందుకే. మీరూ గ్లోవ్స్ వేసుకోండి.