పాత మండువా ఇంటి దూలాలతో బల్ల చేయించవచ్చా?

కోనసీమలో కూల్చిన మండువా ఇళ్ల టేకు దూలాలు బల్లకు నిక్షేపంగా పనికొస్తాయి. ముందు గోడలో దిగి ఉన్న కొసలు చూడండి, చెమ్మా చెదలూ పట్టేది అక్కడే. ఉలి మెత్తగా దిగితే, గట్టి చేవ తగిలేదాకా కోసి పారేయాల్సిందే.

తర్వాత అయస్కాంతంతో మేకులు వెతకండి. లోపల విరిగిన ఒక్క మేకు చాలు, రంపం పళ్లు పోవడానికి. (ఇత్తడి మేకులు అయస్కాంతానికి చిక్కవు, కంటితోనే చూడాలి.) పాత రంగులో సీసం ఉండొచ్చు, మాస్కు పెట్టుకుని తడిపి గీకండి.

కోసిన పలకల మధ్య సన్నబద్దలు పెట్టి, నీడలో రెండు మూడు వారాలు ఆరనివ్వాలి.

ఎక్కువగా చెడేది బిగింపు దగ్గర. వానాకాలం తేమకు పలక అడ్డంగా ఉబ్బుతుంది. అందుకే చట్రంలో స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాక, పలక వెడల్పు వైపుకి కోలగా తొలిపించండి. లేకపోతే ఎండాకాలానికి చీలిక ఖాయం.