టెక్సస్ వైద్య గంజాయి కొత్త చట్టం: గ్రీన్ కార్డు మీద ఉన్న నాన్నగారికి ప్రిస్క్రిప్షన్ తీసుకోవచ్చా?

ఫ్రిస్కోలో మీతో ఉంటున్న మీ నాన్నగారికి మధుమేహం వల్ల పాదాల నరాలు దెబ్బతిన్నాయని, ఏళ్ల తరబడి మంటలు, పోట్లతో రాత్రిళ్లు నిద్ర లేకుండా పోతోందని, టెక్సస్ కొత్త చట్టం దీర్ఘకాలిక నొప్పికి కూడా వైద్య గంజాయిని అనుమతించిందని విని ఆయనను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లవచ్చా అని అడిగారు. ఆయన గ్రీన్ కార్డు మీద ఉన్నారని, ప్రతి సంవత్సరం కొన్ని నెలలు విజయవాడలో గడుపుతారని, ఆ తరువాత పౌరసత్వానికి దరఖాస్తు చేయాలనుకుంటున్నారని కూడా రాశారు. రాష్ట్ర చట్టం వరకు చూస్తే ఆయనకు అర్హత ఉండే అవకాశం బాగానే ఉంది. అయినా డాక్టరు అపాయింట్‌మెంటు కంటే ముందు ఇమిగ్రేషన్ లాయరు అపాయింట్‌మెంటు తీసుకోమని మీకు గట్టిగా చెబుతున్నాను. ఈ పథకం గురించి క్లినిక్‌లు ఇచ్చే సమాచారంలో పౌరులు కానివారి సంగతి సాధారణంగా కనబడదు. మన తెలుగు కుటుంబాలలో చాలామందికి అసలు ప్రశ్న అదే.

నా భార్యకు మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మెదడు, వెన్నుపాములోని నరాలను దెబ్బతీసే వ్యాధి ఉంది. కాళ్ల కండరాలు రాత్రిపూట కొయ్యబారిపోయే బాధకు ఆమె కొన్నేళ్లుగా ఈ పథకం కింద మందు వాడుతోంది. ఆమె అప్పటికే అమెరికా పౌరురాలు. నేను లాయరునూ కాదు, డాక్టరునూ కాదు. ఆమె కోసం చట్టం చదివినవాడిగా, మందు తెచ్చి ఇస్తున్నవాడిగా నాకు తెలిసినది రాస్తున్నాను.

ముందుగా చట్టం ఏమిటో చూద్దాం. టెక్సస్ 2015లో కంపాషనేట్ యూజ్ చట్టం చేసినప్పుడు అది మందులకు లొంగని మూర్ఛ రోగులకు మాత్రమే వర్తించేది. టీహెచ్‌సీ, అంటే మత్తు కలిగించే పదార్థం, బరువులో 0.5 శాతం దాటకూడదని పరిమితి ఉండేది. 2019లో మల్టిపుల్ స్క్లెరోసిస్, కండరాల బిగువు, ఏఎల్‌ఎస్ (కండరాలను కదిలించే నరాలు క్షీణించే వ్యాధి), ఆటిజం వంటివి చేరాయి. మా ఇంట్లో ఆశ మొదలైంది ఆ సవరణతోనే. 2021లో పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తరువాత వెంటాడే మానసిక రుగ్మత), అన్ని రకాల క్యాన్సర్లు చేరి, పరిమితి 1 శాతానికి పెరిగింది. మీరు విన్న కొత్త చట్టం హెచ్‌బీ 46. గవర్నర్ ఆబట్ 2025 జూన్‌లో సంతకం చేయగా అదే ఏడాది సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. దీర్ఘకాలిక నొప్పి, క్రోన్స్ వ్యాధి, పేగుల్లో వాపు తెచ్చే అలాంటి ఇతర వ్యాధులు, తలకు బలమైన దెబ్బ తగలడం వల్ల మెదడుకు జరిగిన హాని, హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ) లేదా పాలియేటివ్ (బాధ తగ్గించే) సంరక్షణలో ఉన్నవారి స్థితి ఈ చట్టంతో జాబితాలోకి వచ్చాయి. శాతాల లెక్క పోయి, ఒక్కో మోతాదులో 10 మిల్లీగ్రాములకు, ఒక్కో ప్యాకేజీలో మొత్తం 1 గ్రాముకు మించి టీహెచ్‌సీ ఉండకూడదన్న లెక్క వచ్చింది. పొగ తాగడం ఇప్పటికీ నిషిద్ధమే. ఇదివరకు మింగే రూపంలో మాత్రమే ఇచ్చేవారు. ఇప్పుడు డాక్టరు అవసరమని భావిస్తే ఇన్‌హేలరు వంటి సాధనాల ద్వారా పీల్చే రూపంలోనూ ఇవ్వవచ్చు.

రోగి కుటుంబాలకు నిజంగా ఊరటనిచ్చే మార్పు మరొకటి ఉంది. ఇంతకాలం టెక్సస్ అంతటికీ 3 సంస్థలకే లైసెన్సు ఉండేది. అవి ఇతర నగరాలలో మందు అందించే చోట్లు పెట్టుకున్నా, రాత్రికి అక్కడ నిల్వ ఉంచే వీలు లేదు కనుక మిగిలిన సరుకును ఏ రోజుకారోజు ప్రధాన కేంద్రానికి తిరిగి తీసుకుపోవలసి వచ్చేది. అందువల్ల ధరలు పెరిగేవి, దొరికే వేళలు తగ్గేవి. కొత్త చట్టం లైసెన్సుల సంఖ్యను 15కు పెంచింది, ఇతర ప్రాంతాలలో నిల్వ కేంద్రాలకూ అనుమతి ఇచ్చింది. నడవడమే కష్టమైన మనిషికి మందు దగ్గరలో దొరకడం ఎంత మేలో మీకు వేరే చెప్పనక్కరలేదు.

పద్ధతి సులువుగానే ఉంటుంది. ఇతర రాష్ట్రాలలో ఉన్నట్లు ఇక్కడ రోగికి కార్డు ఇవ్వరు, రోగి రుసుము కట్టి నమోదు చేసుకోవలసిన పనీ లేదు. అర్హత ఉన్న డాక్టరు రాష్ట్ర పోలీసు విభాగమైన డీపీఎస్ నడిపే రిజిస్ట్రీలో తన పేరు నమోదు చేసుకుని, ప్రిస్క్రిప్షన్‌ను నేరుగా అందులో ఎక్కిస్తారు. మీరు లైసెన్సు ఉన్న సంస్థ మందు ఇచ్చే చోటికి, అంటే డిస్పెన్సరీకి వెళ్లి గుర్తింపు పత్రం చూపి, రోగి ఇంటిపేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి 5 అంకెలు చెబితే వారు రిజిస్ట్రీలో చూసి మందు ఇస్తారు. ఇన్సూరెన్సు ఏదీ దీనికి డబ్బు చెల్లించదు, మెడికేర్ కూడా చెల్లించదు. కనుక నెలనెలా సొంత ఖర్చుగానే లెక్క వేసుకోండి. మీ నాన్నగారి మధుమేహం చూసే ఎండోక్రినాలజిస్టుకు ఈ రిజిస్ట్రీలో నమోదు లేకపోవచ్చు. అప్పుడు నమోదైన మరొక డాక్టరును వెతుక్కోవాలి. పాత రిపోర్టులు, ఇప్పటిదాకా వాడిన మందుల జాబితా తీసుకుని వెళ్లండి.

రోగి టెక్సస్‌లో స్థిర నివాసి అయి ఉండాలని చట్టం అడుగుతుంది. ఇది రాష్ట్రంలో కాపురం ఉండడానికి సంబంధించిన షరతు. గ్రీన్ కార్డుకు దీనితో సంబంధం లేదు. కాబట్టి విజిటర్ వీసా మీద ఆరు నెలలు వచ్చి వెళ్లే తల్లిదండ్రులకు ఈ పథకం పనికిరాదు. మీ నాన్నగారికి ఆ ఇబ్బంది లేదు.

ఇక మీరు నిదానంగా చదవవలసిన భాగానికి వస్తున్నాను. అమెరికాలో ఇమిగ్రేషన్ పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉంది. ఆ ప్రభుత్వం 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్‌లో గంజాయిని అత్యంత కఠినమైన మొదటి జాబితాలో పెట్టింది. టెక్సస్ డాక్టరు రాసిన ప్రిస్క్రిప్షన్ టెక్సస్ పోలీసుల ముందు రక్షణ ఇస్తుంది, ఇమిగ్రేషన్ అధికారి ముందు ఇవ్వదు. పౌరసత్వ దరఖాస్తులను పరిశీలించే యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో ఈ విషయాన్ని లిఖితపూర్వకంగా స్పష్టం చేసింది: రాష్ట్ర చట్టం అనుమతించినా సరే, ఫెడరల్ చట్టం ప్రకారం నేరమయ్యే గంజాయి సంబంధ పని ఏదైనా దరఖాస్తుదారు సత్ప్రవర్తనకు అడ్డంకి కావచ్చు. దీనికి కోర్టులో శిక్ష పడి ఉండనక్కరలేదు. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నకు జవాబుగా ఆ పని చేశామని ఒప్పుకోవడమే సరిపోవచ్చు. సొంత వాడకానికి 30 గ్రాములు లేదా అంతకంటే తక్కువ గంజాయిని ఒకే ఒక్కసారి దగ్గర ఉంచుకున్న సందర్భానికి ఒక మినహాయింపు ఉంది కానీ, నెలనెలా మందు తెచ్చుకునే రోగికి అది ఎంతవరకు ఆసరా అవుతుందో లాయరే చెప్పాలి. పౌరసత్వ దరఖాస్తులో, ఇంటర్వ్యూలో ప్రమాణం చేసి జవాబులు ఇస్తారు కనుక దాచడం పరిష్కారం కానే కాదు. అబద్ధం చెప్పడం ఇంకా పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది.

ప్రయాణాల సంగతి కూడా ఇక్కడే ముడిపడి ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారు మామూలుగా విదేశం నుంచి తిరిగి వచ్చినప్పుడు కొత్తగా ప్రవేశం కోరుతున్నవారిగా లెక్కకు రారు. అయితే 180 రోజులు దాటి ఏకబిగిన బయట ఉంటే, లేదా చట్టం పేర్కొన్న కొన్ని నేరాలు చేసి ఉంటే, వారిని కొత్తగా ప్రవేశం కోరుతున్నవారిగా పరిగణించి ప్రశ్నలు వేయవచ్చు. మాదకద్రవ్యాలకు సంబంధించిన నేరాలు ఆ జాబితాలో ఉన్నాయి. విజయవాడలో సంక్రాంతికి వెళ్లి ఎండాకాలం దాకా ఉండిపోయే పెద్దలు మనకు తెలిసినవారిలో ఎంతమంది లేరు? అలాంటి ప్రయాణాలు చేసే మనిషి ఈ మందు మొదలుపెట్టడం, ఎప్పుడూ ఇక్కడే ఉండే మనిషి మొదలుపెట్టడం ఒకటి కావు.

ఫెడరల్ ప్రభుత్వం రోగుల జోలికి రాదని కొందరు మీకు చెప్పవచ్చు. అందులో కొంత నిజం ఉంది. రాష్ట్రాల వైద్య గంజాయి పథకాలను అడ్డుకోవడానికి న్యాయశాఖ తన నిధులు ఖర్చు చేయరాదన్న నిబంధనను కాంగ్రెస్ 2014 డిసెంబరులో బడ్జెట్ చట్టంలో చేర్చి, తరువాత కూడా పొడిగిస్తూ వచ్చింది. కానీ అది కట్టడి చేసేది న్యాయశాఖను; యూఎస్‌సీఐఎస్, విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసే అధికారులు హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ కిందికి వస్తారు. గంజాయిని మూడో జాబితాకు మార్చాలన్న ప్రతిపాదనను న్యాయశాఖ 2024 మేలో ప్రచురించిన మాట కూడా నిజమే. మూడో జాబితాలోని పదార్థమూ నియంత్రిత పదార్థమే కనుక, ఆ వార్త చూసి ఇమిగ్రేషన్ చిక్కు తొలగిపోయిందని అనుకోవద్దు. ఇది చదివే హెచ్‌1బీ మిత్రులకు కూడా ఒక మాట: గ్రీన్ కార్డు దరఖాస్తులోని ప్రశ్నలు, దానికోసం చేయించుకునే వైద్య పరీక్ష, హైదరాబాదు కాన్సులేటులో వీసా ఇంటర్వ్యూ, ఈ మూడు చోట్లా మాదకద్రవ్యాల వాడకం ప్రస్తావనకు రావచ్చు. గ్రీన్ కార్డు ఉన్న ఈ నాన్నగారి పరిస్థితి కంటే హెచ్‌1బీ వారి పరిస్థితి సున్నితమైనది.

మందును ఎట్టి పరిస్థితిలోనూ భారతదేశానికి తీసుకెళ్లనివ్వకండి. అక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం అమలులో ఉంది, టెక్సస్ ప్రిస్క్రిప్షన్ చూపితే వదిలిపెడతారన్న ఆశ పెట్టుకోరాదు. టెక్సస్ లోపల కూడా కారు ప్రయాణాలలో జాగ్రత్త అవసరం. సౌత్ పాడ్రే ఐలాండ్ చూసి తిరిగి వచ్చే దారిలో ఫాల్‌ఫురియాస్ దగ్గర, సరీటా దగ్గర బోర్డర్ పెట్రోల్ తనిఖీ కేంద్రాలు ఉన్నాయి. ఎల్ పాసో నుంచి వచ్చే దారిలో సియెరా బ్లాంకా దగ్గర మరొకటి ఉంది. వాటిని నడిపేది ఫెడరల్ అధికారులు. నా భార్య పౌరురాలే అయినా ఆ దారిలో వెళ్లినప్పుడు మేము మందు ఇంట్లోనే ఉంచి వెళ్తాం.

ఇంకొక ప్రమాదం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే లాయరు వద్దంటే కొందరు వెంటనే ఇటువైపు చూస్తారు. కొలరాడోలోనో న్యూ మెక్సికోలోనో దుకాణంలో అందరికీ అమ్మే గమ్మీలను, అంటే టీహెచ్‌సీ కలిపిన మిఠాయి బిళ్లలను తెచ్చి పెద్దవారికి ఇవ్వడం చాలా ప్రమాదకరమైన పని. ఈ పథకానికి వెలుపల టీహెచ్‌సీ సారంతో చేసిన పదార్థం దగ్గర ఉంటే, 1 గ్రాము కంటే తక్కువైనా, టెక్సస్ చట్టంలో అది ఫెలనీ, అంటే తీవ్ర స్థాయి నేరం. ఇతర రాష్ట్రాల వైద్య గంజాయి కార్డు ఇక్కడ చెల్లదు. మన వీధి చివర దుకాణాలలో హెంప్ (టీహెచ్‌సీ తక్కువగా ఉండే గంజాయి జాతి మొక్క) పేరుతో అమ్మే సరుకుపై రాష్ట్రంలోనూ, వాషింగ్టన్‌లోనూ నియమాలు మారుతూ ఉన్నాయి. పైగా దానిలో ఏముందో, ఎంత ఉందో చూసే డాక్టరు పర్యవేక్షణ ఏమీ ఉండదు. డెబ్బై దాటిన మనిషికి దానిని ఇవ్వడానికి నా మనసు ఒప్పదు.

లాయరు అభ్యంతరం లేదంటే, వైద్యం విషయంలో మా అనుభవం ఇది. మింగే మందు పనిచేయడానికి గంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు; పని చేయలేదనుకుని రెండో మోతాదు వేసుకోవడం పెద్దలు తరచుగా చేసే పని, దానిని మీరు దగ్గర ఉండి ఆపాలి. నా భార్యకు డాక్టరు చాలా తక్కువ మోతాదుతో, రాత్రి పడుకునే ముందు మాత్రమే మొదలుపెట్టి, నెమ్మదిగా పెంచారు. వ్యాధి తగ్గలేదు, తగ్గుతుందని ఎవరూ చెప్పలేదు కూడా. కాళ్ల బిగువు సడలి నిద్ర పడుతోంది. ఇరవై నాలుగు గంటలూ బాధతో గడిపిన మనిషికి అది చిన్న విషయం కాదు. మొదట్లో పొద్దున లేవగానే తల తిరిగేది. మీ నాన్నగారికి పాదాలలో స్పర్శ తగ్గి ఉంటే పడిపోయే ప్రమాదం ఇప్పటికే ఉంటుంది, బీపీ మందులు వాడుతుంటే అది మరీ పెరుగుతుంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వంటి మందులతో గంజాయి పదార్థాలకు పొసగకపోవచ్చు కనుక ఆయన వేసుకునే ప్రతి మందు పేరు డాక్టరుకు చెప్పండి.

ఆంధ్రలో గంజాయి అంటే ఏజెన్సీ నుంచి రవాణా, చెక్‌పోస్టుల దగ్గర అరెస్టుల వార్తలే గుర్తుకు వస్తాయి. ఆ మాట విని మీ నాన్నగారు సిగ్గుపడితే, లేదా బంధువులకు తెలుస్తుందని భయపడితే, తొందరపెట్టవద్దు. నా భార్య కూడా చాలాకాలం తన అన్నగారికి చెప్పలేదు. నొప్పికి మందు అడగడంలో తప్పేమీ లేదని ఆయనకు అర్థమయ్యేలా చెప్పండి. నిర్ణయం మాత్రం ఆయననే తీసుకోనివ్వండి.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన గ్రీన్ కార్డు వచ్చిన తేదీ, గత ఐదేళ్ల ప్రయాణాల తేదీలు, ఇదివరకు ఎప్పుడైనా గంజాయి వాడారా అన్నదానికి నిజమైన జవాబు సిద్ధంగా ఉంచుకోండి. పౌరసత్వం వచ్చేదాకా ఆగితే మేలా అని సూటిగా అడగండి. ఆగమంటే, ఈలోగా నొప్పిని భరించమని దాని అర్థం కాదు. డయాబెటిక్ న్యూరోపతీ (మధుమేహం వల్ల నరాలు దెబ్బతినడం) నొప్పికి డ్యూలోక్సెటిన్, ప్రీగాబలిన్ వంటి ఎఫ్‌డీఏ ఆమోదించిన మందులు ఉన్నాయి, వాటిని మామూలు ఫార్మసీలో ఇన్సూరెన్సుతో తెచ్చుకోవచ్చు, వాటివల్ల ఇమిగ్రేషన్ చిక్కూ రాదు. అవి ఇప్పటికే సరైన మోతాదులో వాడి చూశారో లేదో న్యూరాలజిస్టును ఈ వారంలోనే అడగండి. లాయరు జవాబు కోసం ఆ పని ఆపనక్కరలేదు.